పల్లం చూసి ఆపు, అమ్మడూ

ఆ రోజుల్లో అనగానే రేడియోలూ టెలిగ్రాములూ గుర్తుకు తెచ్చుకోకండి. మెట్రో రైలు అప్పటికే అమీర్‌పేట నెత్తి మీద తిరుగుతోంది, అందరి చేతుల్లోనూ ఇప్పటిలాంటి ఫోన్లే ఉన్నాయి. అయినా వాటిని ‘ఆ రోజులు’ అనే అంటాను. కొన్ని నెలలుంటాయి, వాటి నుంచి బతికి బయటపడ్డాక అవి నిన్నటివైనా సరే పోయిన జన్మలోవిగా తోస్తాయి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. అమీర్‌పేట గోడల మీద అతికించిన కోర్సులన్నీ చేసేశాను (అందులో ఒకటి దేనికి పనికొస్తుందో సర్టిఫికెట్ అందుకున్న రోజుకి కూడా నాకు తెలియలేదు). ఉద్యోగం మాత్రం రాలేదు. అమ్మకి అక్కడే ఓ సందులో కర్రీ పాయింట్ ఉండేది. గోదావరి చేతివంట కాబట్టి ఒకప్పుడు గుత్తివంకాయ కోసం జనం వరస కట్టేవాళ్ళు. కానీ ఫోన్ నొక్కితే గుమ్మంలోకి బిర్యానీ వచ్చిపడే కాలం కదా, రానురాను మా కూరలు మాకే మిగలసాగాయి. రాత్రి కంచంలో మూడు రకాల వేపుళ్ళు ఉన్నాయంటే ఆ రోజు బేరం లేదని అర్థం. కొట్టు మూసేద్దామా అని అమ్మ అడగడం మొదలుపెట్టింది. నన్ను కాదు, పోపుల డబ్బాని.

అలాంటప్పుడు పంజాగుట్టలో పోటీ పరీక్షలకి చదివే ఆడపిల్లల హాస్టల్ నుంచి వార్డెన్ మేడమ్ మా కొట్టుకి వచ్చింది. వాళ్ళ వంటమనిషి మానేసిందట, ఇకమీదట మధ్యాహ్నం భోజనం బయటి నుంచి తెప్పిస్తారట. గుత్తివంకాయ రుచి చూసి, "వారం రోజులు చూస్త. పన్నెండున్నరకల్ల అన్నం టేబుల్ మీద ఉండాలె. ఒక్కరోజు గడ్‌బడ్ అయినా ఇంకొకరికి ఇచ్చేస్త. సొంత బండి ఉన్నదా మీకు?" అని అడిగింది.

"ఉందండీ" అంది అమ్మ. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వంకాయ వైపు చూసింది. అప్పటికి మా ఇంట్లో చక్రాలున్న వస్తువు ఒక్కటే, గ్యాస్ సిలిండర్ కింద పెట్టే స్టాండు. కానీ ఆ హాస్టల్ దక్కితే కొట్టు నిలబడుతుంది, దక్కకపోతే మూతే. అందుకని ఆడిన అబద్ధాన్ని నిజం చెయ్యడానికి మేం బండి వేటలో పడ్డాం.

బండి కొనాలంటే బండి తెలిసినవాళ్ళు కావాలి. మా చుట్టాల్లో ఆ పదవి అమ్మ అన్నయ్యది. ఆయన ఉద్యోగమంతా బస్సు డిపోలో చేశాడు, అందుకని అందరం డిపో మామయ్య అనేవాళ్ళం. (డిపోలో ఆయన చేసింది టికెట్ల కట్టలు బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అయినా ఎవరింట్లో స్కూటర్ ఆగినా ఆయన వైపే తిరిగేవాళ్ళం.) ఎర్రమంజిల్ వెనక సందులో ఒకాయన పాత డీజిల్ పికప్ అమ్ముతున్నాడని తెలిసి ముగ్గురం వెళ్ళాం. మాటకి ముందొక ఫికర్, వెనకొక ఫికర్ తగిలించేవాడు కాబట్టి ఆయన్ని ఫికర్ అన్న అనుకుందాం. మేం చేరేసరికే బండి స్టార్టయి గుడగుడలాడుతోంది.

"పొద్దుగాల సంది నడుస్తనే ఉన్నది. జర ఆవాజ్ ఇనుండ్రి, ఏమన్న ఫికరున్నదా?" అన్నాడు. మామయ్య కళ్ళు మూసుకుని కచేరీలో కూర్చున్నట్టు తలాడించాడు. నేను మీటర్లోకి తొంగి చూసి అదిరిపడ్డాను. ఆ అంకె చదవడానికే ఊపిరి చాలలేదు. "చాలా తిరిగేసింది మామయ్యా" అన్నాను.

"పిచ్చిదానా, తిరిగిన బండే గట్టిది. రోజూ నడిచేవాళ్ళకి మోకాళ్ళ నొప్పులొస్తాయా? మూల కూర్చున్నవాళ్ళకే వస్తాయి" అన్నాడు మామయ్య (ఆయనకి రెండు మోకాళ్ళూ నొప్పే). ఫికర్ అన్న చేతులు జోడించి, "పెద్దాయనా, మీరు ఈ లైన్ల ఉన్నోళ్ళు, మీకు నేను జెప్పేదేముంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో బేరం ముగిసింది. అమ్మ పాడుకున్న చీటీ డబ్బంతా ఫికర్ అన్న జేబులోకి వెళ్ళిపోయింది.

ఇక రాహుకాలం రాకుండానే బండి కదలాలి. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక అమ్మ నన్ను పిలిచి, "నిమ్మకాయ తొక్కాక మన గుమ్మం చేరేదాకా ఇంజన్ ఆపకూడదే. మధ్యలో ఆపితే అశుభం" అంది. ఫికర్ అన్న ముఖం వెలిగిపోయింది. "అమ్మ మస్తు మంచి మాట జెప్పింది. అస్సలు బంద్ చేయకుండ్రి!" అన్నాడు. బండి కొంటూ దాన్ని ఒక్కసారైనా ఆపి మళ్ళీ స్టార్ట్ చేసి చూడాలన్న ఆలోచన ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. డ్రైవింగ్ నేర్చుకున్నది మా ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి నేనే తోలాను. అద్దంలో నన్ను నేను చూసుకుని కొంచెం గర్వపడ్డాను కూడా.

మర్నాడు పొద్దున తాళం తిప్పితే బండి దగ్గింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ దగ్గి, తెల్లటి పొగ ఊది ఊరుకుంది. ఫికర్ అన్నకి ఫోన్ చేస్తే, "చల్లగున్నప్పుడు జర నఖ్రాలు చేస్తది. పల్లంల పెట్టి ఇడువు, లేస్తది. ఫికర్ చేయకు" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఫోన్ మోగుతూనే ఉంది కానీ ఎత్తలేదు. మెకానిక్‌ని పిలిస్తే బానెట్ ఎత్తి చూసి, "ఇంజన్ బోరుకొచ్చిందక్కా. మొత్తం ఇప్పాలె. గిది బాగు చేసే బదులు ఇంకోటి కొనుక్కునుడు నయం" అని చెయ్యి తుడుచుకున్నాడు. నేను చక్రం పక్కనే గట్టు మీద కూలబడ్డాను. నిన్నటి నిమ్మకాయ తొక్క ఇంకా టైరుకి అంటుకునే ఉంది.

అమీర్‌పేట చదునుగా ఉంటుందని మీరనుకుంటారు. ఆ ఊరి ఎత్తుపల్లాలు తెలియాలంటే మా బండి ఉండాలి. నీరు పల్లమెరుగు అంటారు కానీ, ఆ వారంలో నీటికన్నా ముందు నేనే ఎరిగాను. ఏ ఆస్పత్రి ముందు రోడ్డు వాలుతుందో, ఏ కోచింగ్ సెంటర్ దగ్గర మళ్ళీ లేస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. మా ఇంటికి రెండు సందుల అవతల ఒక రక్తపరీక్షల సెంటర్ ముందు మంచి పల్లం దొరికింది. ఆ చోటు ఎవరూ ఆక్రమించకుండా మామయ్య తెల్లవారుజామునే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. (పరగడుపున రక్తం ఇవ్వడానికొచ్చిన వాళ్ళు ఆయన్ని వరసలో మొదటి మనిషి అనుకుని ఆయన వెనకే నిలబడేవాళ్ళు.) అక్కడి నుంచి బండిని దొర్లించి, రెండో గేరులో వేసి క్లచ్ వదిలితే ఒక్క కుదుపుతో ప్రాణం వచ్చేది. ఇక ఆపేది లేదు. హాస్టల్ ముందు నేనూ అమ్మా గుండిగలు దింపుతుంటే, మామయ్య యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి, కూర్చున్నచోటే బండిని బతికించేవాడు. "పల్లం చూసి ఆపు, అమ్మడూ" అన్నది మాకు మంత్రమైపోయింది. అలా గుండె చేత్తో పట్టుకుని ఆఖరి రోజు దాకా వచ్చాం.

ఆ ఆఖరి రోజు అమ్మ కొట్లో ఉండిపోయింది, మేమిద్దరమే వెళ్ళాం. హాస్టల్ వాచ్‌మన్ అడ్డం వచ్చి, "రోడ్డు మీద ఆపితే ట్రాఫికోళ్ళు లొల్లి చేస్తున్నరు. సెల్లార్లకు పోనియ్యుండ్రి" అన్నాడు. సెల్లార్ దారి చూడగానే మామయ్య కళ్ళు చెమర్చాయి. "ఎంత పల్లం అమ్మడూ! మన కోసమే కట్టించినట్టున్నారు" అన్నాడు. నాకూ అంతే సంతోషం వేసింది. జారుడుబల్ల మీద పిల్లల్లా దిగిపోయాం. కింద వాచ్‌మన్, "ఇంజన్ బంద్ చేయుండ్రి, పొగంత పైకి పోతది" అన్నాడు. పల్లంలోనే ఉన్నాం కదా అన్న ధీమాతో నేను తాళం తిప్పేశాను.

అన్నం టైముకే టేబుల్ ఎక్కింది. పిల్లలు గుత్తివంకాయ రెండోసారి వడ్డించుకున్నారు. వార్డెన్ మేడమ్ నా భుజం తట్టి, "రేపటి సంది మీరే" అంది. ఆ మాట అమ్మకి ఎలా చెప్పాలో మనసులో అల్లుకుంటూ, ఖాళీ గుండిగలు ఎక్కించుకుని బండెక్కాను. అప్పటికి ఇంజన్ చల్లారిపోయింది. పల్లం ఉంది, నిజమే. కానీ మేం దాని అడుగున ఉన్నాం. తాళం తిప్పీ తిప్పీ బ్యాటరీ కూడా చచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకల్లా ఇద్దరం పైకి చూశాం.

దగ్గు విని నలుగురు పిల్లలు వచ్చారు. వాళ్ళని చూసి పది మంది, వాళ్ళని చూసి హాస్టలంతా దిగింది. చున్నీలు నడుముకి బిగించి, "నూకుండ్రే! ఇంక జర!" అని అరుస్తూ బండిని పైకి తోశారు. మామయ్య వెనకాల ఒక రాయి పట్టుకుని, బండి ఆగినప్పుడల్లా చక్రం కింద పెడుతూ, దేవుణ్ణి తలుచుకుంటూ నడిచాడు. రోడ్డెక్కి దొర్లగానే బండి అందరి మీదా నల్లగా ఊది స్టార్టయింది. పిల్లలు ఈలలు వేశారు. ఎవరో బాల్కనీ నుంచి వీడియో తీసి స్టేటస్‌లో పెట్టారట. నేను బండి తిప్పుకుని వచ్చేలోపే ఊళ్ళ నుంచి తండ్రుల ఫోన్లు మొదలయ్యాయి.

వార్డెన్ మేడమ్ కిటికీ దగ్గరికి వచ్చింది. కోపంగా కూడా లేదు. "మీ వంట మస్తుందమ్మా. కానీ ఈ పిల్లల అమ్మానాయినలు నన్ను నమ్మి పంపింది సదువుకోనీకె, బండ్లు నూకనీకె కాదు. రేపటి సంది రాకుండ్రి" అంది. బతిమాలడానికి దిగుదామంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయలేను. అక్కడి నుంచే దణ్ణం పెట్టాను.

పంజాగుట్ట చౌరస్తాకి వచ్చేసరికి కళ్ళు కనిపించలేదు. వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాను. పక్కకి తీసి ఆపబోతే మామయ్య నా చెయ్యి పట్టుకుని, "ఏడవాలనుంటే ఏడువమ్మా. బండి మాత్రం ఆపకు. ఇక్కడంతా చదునే" అన్నాడు. ఏడుపులోనే నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఇంకా ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పే ధైర్యం లేదు, ఎక్కడైనా ఆగే వీలు లేదు. అందుకని ఎర్రమంజిల్ మీదుగా ఖైరతాబాద్ దాకా, అక్కడి నుంచి వెనక్కి పంజాగుట్ట దాకా, మళ్ళీ ఖైరతాబాద్ దాకా తిరుగుతూనే ఉన్నాం. మామయ్య ఒక్కసారి కూడా ఇంటికి పోదామనలేదు. డీజిల్ ముల్లు కిందికి వాలాక ఇక తప్పక కొట్టు ముందుకి తెచ్చాను. అమ్మ గుండిగల మూతలు ఎత్తి చూసుకుంది. "అందరికీ సరిపోయిందా? ఎవరికీ తక్కువ కాలేదు కదా?" అని అడిగింది. సరిపోయిందని చెప్పి, మిగతాది కూడా చెప్పాను. అమ్మ గుండిగ అంచు తుడుస్తూ, "పోనీలే, కడుపు నిండా తిన్నారు" అంది. ఆ నెలాఖరుకి కొట్టు మూసేశాం. బండి తుక్కు కింద వెళ్ళింది. మరుసటి ఏడాది నాకు ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగం దొరికింది, ఇప్పటికీ దాన్లోనే ఉన్నాను.

రోజూ మెట్రోలో ఆ దారినే వెళ్తాను. ఎర్రమంజిల్ దాటాక కిందికి చూస్తే, ఒక్కోసారి ఆ పిల్ల కనిపిస్తుంది. ముక్కు చీదుకుంటూ, పొగలో, ముసలి మామయ్యని పక్కన పెట్టుకుని, ఒక్క క్షణం ఆగితే లోకం ఆగిపోతుందన్నట్టు తోలుకుపోతూ ఉంటుంది. చూసి నవ్వుకుంటాను. అద్దం దించగలిగితే ఒక్క కేక వెయ్యాలనిపిస్తుంది: ఇంక ఆపెయ్యవే తల్లీ, ఏం కాదు.