లోకనాథం కాళ్ల దురద

కొబ్బరికాయ వలవడం చూసేవాళ్లకు తేలిగ్గానే ఉంటుంది. భూమిలో పాతిన గునపం మొనకు కాయను గుచ్చి, మెలితిప్పి, పైనున్న పీచు డొక్కను ఊడదీయాలి. మొన కొంచెం లోపలికి దిగిందంటే చిప్ప పగులుతుంది, కాయ పాడవుతుంది. వజ్రపుకొత్తూరు దారిలోని మా ఊళ్లో ఈ పని చాలామందికి వచ్చు. కానీ లోకనాథం వలిచిన కాయను ఏ రాశిలో కలిపినా గుర్తుపట్టవచ్చు. పిలక కుదురుగా నిలబడేది, ఒంటిమీద పీచు పోగు మిగిలేది కాదు. పని చేస్తున్నప్పుడు ఎవరైనా కబుర్లు మొదలుపెడితే కాయ వాళ్ల చేతికిచ్చి, "నువ్వు వొలు. నాను మాటాడతాను" అనేవాడు. దాంతో కబుర్లు ఆగిపోయేవి.

అతని పాక ఇంటి వెనకే ఉండేది. ఒక పక్క డొక్కల కుప్ప, నేలంతా మెత్తని పీచుపొట్టు. ఆ పొట్టులో గుంట చేసుకుని ఎర్రోడు పడుకునేవాడు. ఎర్రోడంటే కుక్క. కొబ్బరికాయల లారీ వెంట పరిగెత్తుకుంటూ వచ్చి, లారీ వెళ్లిపోయినా తను ఉండిపోయాడు. మధ్యాహ్నం భోజనమయ్యాక లోకనాథం అక్కడే గోనెసంచి పరుచుకుని నడుం వాల్చేవాడు. ఎర్రోడు అతని పాదాల మీద తల పెట్టుకునేవాడు. లోకనాథం భార్య నూకరత్నం అది చూసి, "ఇంట్లో నులకమంచం ఉన్నాది, పెళ్లాం ఉన్నాది. ఈ మనిషికి పొట్టే కావాలి, కుక్కే కావాలి" అని నవ్వేది.

2005లో వానలు మొదలయ్యాక లోకనాథం మారిపోయాడు. లుంగీ ఎగ్గట్టడం మానేసి చీలమండల దాకా దించుకుని తిరిగేవాడు. బీరకాయ కూర వండితే కంచం జరిపేసే మనిషి కిక్కురుమనకుండా తిని, "బాగుంది రత్నం" అన్నాడు. నూకరత్నానికి గుండె జారింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ కూరను అతను మెచ్చుకోవడం అదే మొదలు.

నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఆమె చూసేసింది. మోకాళ్ల కింద అంతా ఎర్రటి పొక్కులు, గోకిన గాట్లు.

"ఏటి మావా ఇవి?"

"ఏటీ నేదు. దోమలు."

"దోమలు మోకాలు దాకా వచ్చి ఆగిపోతాయేటి? ఆ పైన నీ రగతం సేదా?"

లోకనాథం నవ్వలేదు. చెంబు కింద పెట్టి, "అన్నకి కూడా ముందు దురదే వచ్చినాది, రత్నం" అన్నాడు.

ఇక చెప్పక్కర్లేదు. అంతకు రెండేళ్ల ముందు అతని అన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. మా వైపు ఊరూరా ఉన్న జబ్బే అయినా దాని పేరు ఎవరూ గట్టిగా పలకరు. ఒంటికి నీరు పట్టినా, అన్నం సయించకపోయినా, ఊరికే దురద పుట్టినా ఆ ఇల్లు మూగబోతుంది. లోకనాథం పరీక్షకు వెళ్లకుండానే తనకూ అదే వచ్చిందని తీర్మానించేసుకున్నాడు. పలాస వెళ్లి రక్తం ఇద్దామంటే, "ఉన్నాదని సెప్పీసినాక సేసీదేటి?" అని మొహం తిప్పుకున్నాడు.

నూకరత్నం ఆ పొక్కులను వెలుగులో మళ్లీ చూసింది. "బావగారి వీపుకి కొబ్బరినూనె రాసింది నానే. ఆయనకి ఒళ్లంతా దురదే గానీ ఇలగ పొక్కులు నేవు" అంది. లోకనాథం వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున ఆమె పాత తెల్లపంచె చింపి రెండు కాళ్లకూ చుట్టుకుంది. పాకలోకి వెళ్లి పొట్టు మధ్యలో కాసేపు నిలబడి బయటికి వచ్చింది. తెల్లగుడ్డ మీద నువ్వులు చల్లినట్టు నల్లటి చుక్కలు. వేలు దగ్గరికి తీసుకెళ్తే చటుక్కున గెంతుతున్నాయి. గోమార్లయితే కుక్క చెవులకు అంటుకుని రక్తం తాగి ఉబ్బుతాయి, గెంతవు. ఇవి కుక్కపేలు.

"ఇదిగో నీ జబ్బు" అని కాలు చాపి చూపించింది.

"పేలుంటే ఉన్నాయి. ఆ జబ్బు నేదని అవి సెప్తాయేటి?"

"సరే. పేలు పోయినాక కూడా దురదుంటే పలాస ఎల్దాం. ఒప్పుకున్నావా?"

పేలు పోవడం ఇప్పట్లో జరిగేది కాదులే అనుకున్నాడో ఏమో, లోకనాథం తల ఊపాడు.

పక్కింటి సింహాద్రి గోడ మీద నుంచి అంతా విన్నాడు. నూకరత్నాన్ని అక్కా అని, లోకనాథాన్ని బావా అని పిలిచే చనువు అతనిది. "జీడితోటకి కొట్టీ మందు మిగిలినాది అక్కా. పాకలో కొట్టీమంటావా?"

"ఆ నేల మీదే ఎర్రోడు పొర్లుతాడు, ఒళ్లు నాక్కుంటాడు. మీ బావ తొంగుంటాడు. పేలొక్కటే సావవు."

"అయితే కుక్కనే ఇచ్ఛాపురం లారీ ఎక్కించీ."

"ముందు నిన్నెక్కిత్తాను, ఉండు."

మొదట ఆమె ఎర్రోడికి వేపాకు నీళ్లతో స్నానం చేయించింది. వాడు ఒళ్లు దులిపి, నేరుగా పొట్టులోకి వెళ్లి పడుకున్నాడు. రెండు రోజుల్లో పేలు మళ్లీ పట్టాయి. అప్పుడు ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. తినడానికి ఏమీ దొరక్కపోతే అవే చస్తాయని పాక తలుపు మూసి గొళ్లెం పెట్టింది. ఎర్రోణ్ని ఇంటి ముందు కట్టేసింది. లోకనాథం ఆ రోజుల్లో ఇతరుల తోటల్లో కాయలు వలిచాడు.

కాళ్లు నెమ్మదించాయి. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "మళ్లీ బీరకాయేనేటి?" అని కసిరాడు. నూకరత్నం వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని, గుడ్డు వేయించి తెచ్చింది.

మూడో వారంలో తలుపు తీశారు. లోకనాథం గునపం సరిచేద్దామని లోపలికి నాలుగు అడుగులు వేశాడో లేదో, కాళ్లు పేలతో నల్లబడిపోయాయి. మూసేయక ముందు కూడా అన్ని లేవు. గబగబా బయటికి వచ్చి కాళ్లు బరబరా గోక్కుంటూ మట్టిలో కూలబడ్డాడు.

"మళ్లీ మొదలైపోనాది, రత్నం. నాను సెప్పలేదా, ఇది పోయీది కాదు."

నూకరత్నం అతని వంక చూసింది, తెరిచి ఉన్న తలుపు వంక చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"నవ్వుతావేటే?"

"నీ దురద రగతంలోది అయితే పాక తలుపు తీసీదాకా ఆగుతాదేటి, మావా?"

లోకనాథం గోకడం ఆపాడు. అతని కళ్లలో నీళ్లు తిరగడం సింహాద్రి కూడా చూశాడు. ఆ ఒక్కసారి మాత్రం వేళాకోళం చేయలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి పశువుల ఆసుపత్రి కాంపౌండరు తారకేశ్వరరావు దగ్గరికి వెళ్లారు.

"మూసి పెట్టడమే తప్పమ్మా" అన్నాడాయన. "వాటి పిల్లలు పొట్టులో పెరిగి, పట్టుపురుగులాగా గూడు కట్టుకుని ఊరుకుంటాయి. అడుగుల అదురు తగిలితే మేత వచ్చిందని ఒక్కసారి బయటికొస్తాయి. కుక్క వాటికి కంచం మాత్రమే. ఇల్లు ఆ పొట్టు. రెండూ ఒకేసారి చూసుకోవాలి."

ఎర్రోడికి పట్టించడానికి పొడి ఇచ్చి, "ఇంట్లో పిల్లి ఉంటే దానికి మాత్రం ఇది రాయకండి, చచ్చిపోతుంది" అని హెచ్చరించాడు.

ఆ మాటల్ని లోకనాథం పనిలో పెట్టాడు. కాయ వలిచినంత శ్రద్ధగా పాక శుభ్రం చేశాడు. డొక్కలన్నీ ఎండలోకి మోశాడు. పొట్టు ఊడ్చి దూరంగా తగలబెట్టాడు. జానెడు లోతు మట్టి తీసేసి, కొత్త మట్టి పోసి, దిమ్మిస కొట్టి అలికాడు. గోనెసంచులు కాగే నీళ్లలో ఉడకబెట్టారు. ఆ తర్వాత తలుపు మూయలేదు. గూళ్లలో మిగిలినవి బయటికి రావాలని రోజూ కావాలనే లోపల తిరిగేవాడు, మూలమూలా ఊడ్చేవాడు, ఊడ్చింది కాల్చేవాడు. ఎర్రోడికి ఎత్తుగా చెక్కబల్ల వేశాడు. వాడు దాన్ని అవమానంగా భావించి రెండు రోజులు అలిగాడు.

వానలు తగ్గేసరికి తెల్లగుడ్డ చుట్టుకుని ఎంతసేపు నిలబడినా తెల్లగానే ఉంది. కాళ్లు మానాయి. ఒప్పందం ప్రకారం పలాస వెళ్లే పని లేదు. నూకరత్నం కూడా ఆ మాట ఎత్తలేదు.

ఒక సోమవారం లోకనాథం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

"పలాస బస్సు ఎన్నింటికి?"

"దురద నేదు కదా?"

"పేలు నేవని తెలిసినాది. జబ్బు నేదని తెల్దు కదా. సగం పని సేసి వదిలీడం నాకు రాదు."

లోకనాథం పరీక్షకు రక్తం ఇచ్చాడు. ఆసుపత్రి అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చివరికి డాక్టరు పిలిచి, ఇప్పటికి ఏ ఇబ్బందీ లేదనీ, మీ వైపు వాళ్లు కాబట్టి ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలనీ చెప్పాడు.

ఊరికి వచ్చిన సాయంత్రం లోకనాథం గోడ దగ్గరికి వెళ్లి సింహాద్రిని పిలిచాడు. సింహాద్రి కాళ్లు కొన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి ఉబ్బుతున్నాయి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"రేపు పలాస ఎల్దాం, రా."

"నాకేటయ్యింది బావా?"

"తెల్దు. అందికే ఎల్దాం."

సింహాద్రి గోడ మీది మట్టిపెళ్ల ఒకటి గోటితో ఊడదీశాడు. "సూది గుచ్చీటప్పుడు నీకు భయమేసినాదా?"

"ఏసినాది. మీ అక్క సెయ్యి గట్టిగా అట్టుకున్నాను. నువ్వు నాది అట్టుకుందువు."

మర్నాడు మొదటి బస్సుకే ఇద్దరూ ఎక్కారు.