తర్రెం గీత కిందికి దిగింది

జగదల్‌పూర్ కంట్రోల్ రూమ్‌లో ఇంటర్నెట్ ట్రాఫిక్ పంచడం నా ఉద్యోగం. ఒక లైన్ కిక్కిరిస్తే కొంత భారాన్ని రెండో లైన్ రౌటర్‌కి మళ్ళిస్తాను. మా ఆవిడ దూరాన తర్రెం అనే ఊళ్ళో నర్సు. ఇటు ట్రాన్స్‌ఫర్ వస్తుందని పెళ్ళయినప్పటి నుంచి ఎదురుచూస్తున్నాం. అంతవరకూ మా కాపురం ఫోన్‌లోనే.

ఈ సాయంత్రం డ్యూటీ దిగి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వీడియోలో కూర్చుంది. కబుర్లు మొదలయ్యాయో లేదో, తర్రెం వైపు లైన్ నిండిపోయింది. నేను డ్యూటీలో ఉన్నాను కాబట్టి మళ్ళించక తప్పలేదు. అలా మళ్ళించినప్పుడు నడుస్తున్న కాల్స్ కొన్ని తెగుతాయి. మాదీ తెగింది.

తిరిగి కలవగానే అడిగింది. "ఏందయ్యా, మళ్ళీ నువ్వే కట్ చేసినవా?"

"లైన్ జామ్ అయిందే. ఇంకా బరువుగానే ఉంది."

"అట్లయితే మన వీడియో ఆపేద్దాం. ఇక్కడ రోడ్డు పనికొచ్చినోళ్ళంతా ఇళ్ళకు ఫోన్ చేసుకునే టైమిది. నాకు నీ గొంతు వినబడితే చాలు."

నాకు చాలదని చెప్పేలోపే ఆపేసింది. నా ఎదుట లైన్ల మీది భారం చూపే గ్రాఫ్‌లో తర్రెం గీత వెంట్రుకవాసి కిందికి దిగింది. ఆ సమయంలో వీడియో ఆపినవాళ్ళు ఇంకెందరో ఉండొచ్చు. నేను మాత్రం ఆ దిగినదంతా ఆమె ముఖమే అనుకున్నాను.

స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. పెళ్ళాం ఫోటో ఉండాల్సిన చోట గ్రాఫ్ పెట్టుకున్నవాళ్ళు మీలో ఇంకెవరైనా ఉన్నారా, లేక నేనొక్కడినేనా?