ఫస్ట్ షిఫ్టు వేసిన రోడ్డు

బుచ్చన్న కాకకు కోపం వస్తే ముందు చెప్పులు వేసుకుంటాడు. కూర్చొని తిట్టడం ఆయనకు రాదు, నడవాలి. ఎదురిల్లే కాబట్టి చెప్పుల చప్పుడు వినగానే ఇవాళ ఎవరికో మూడిందని మాకు తెలిసిపోతుంది. బొగ్గు గనుల సర్వే సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు మజ్దూర్‌గా చేసి రిటైరైన మనిషి. కొలతల గొలుసు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస పట్టినవాళ్లు ఎందరో మారిపోయారు. ఏ దూరమైనా ఇప్పటికీ అడుగుల్లోనే చెబుతాడు, అదీ తాను నడిచి చూసినదైతేనే.

పోయిన వేసవిలో ఆయన చెప్పులు వేసుకున్నది మా అమ్మ కోసం.

మాది కమాన్‌పూర్ వైపు పునరావాస కాలనీ. ఓపెన్‌కాస్ట్ గని పెరిగి పాత రోడ్డు సగం అందులో కలిసిపోతే, మట్టి గుట్ట చుట్టూ తిప్పి కొత్త రోడ్డు వేశారు. ఆ సంగతి ఫోన్‌లో ఉండే మ్యాప్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. వచ్చినవాళ్లందరినీ అది పాత దారినే తీసుకెళ్లి గని అంచున ఇనుప గేటు ముందు నిలబెట్టేది. కొరియర్ తిరిగిపోతే చీర ఒకరోజు ఆలస్యమవుతుంది, అంతే కదా అని మేమూ ఊరుకున్నాం. మే నెలలో ఒక మధ్యాహ్నం మా అమ్మీ షహజాదీ బేగంకు ఆయాసం పెరిగి పెదవులు నల్లబడ్డాయి. అంబులెన్సు కూడా ఆ గేటు దగ్గరికే పోయింది. ఫోన్‌లో దారి చెప్పబోయి, కంగారులో కుడిని ఎడమ అన్నాను. బండి మా ఇంటికి చేరేసరికి యాభై నిమిషాలు. ఈసారికి బతికిందిగానీ, ఇంకోసారి ఇంత ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండదని డాక్టరు తేల్చి చెప్పారు.

ఆ మాట విన్న మర్నాటి నుంచి కాక ఫోన్ పట్టుకొని కొత్త రోడ్డంతా నడిచాడు. మ్యాప్‌లో గీత గీసి పంపడం నేనే నేర్పాను. వారం తర్వాత మ్యాప్ కంపెనీ నుంచి ఇంగ్లీషులో జవాబొచ్చింది. అక్కడ రోడ్డు ఉందనడానికి ఆధారం చాలలేదట. నేను చదివి చెప్తే ఆయన ఫోన్ వైపు వేలు చూపించాడు.

"నేను పట్టిన గొలుసు మీదనే బొగ్గుబాయిలు తవ్విన్రు, మహెజబీన్ బిడ్డా. గీ ఫోనుకు నేను సరిపోతలేనా?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మళ్లీ పంపాం, మళ్లీ అదే జవాబు. ఒకే దారిన చాలా ఫోన్లు రోజూ కదులుతుంటే మ్యాప్ తనంతట తానే ఆ దారిని గుర్తుపడుతుందని ఎక్కడో చదివాను. మాటవరసకు ఆయనతో అన్నాను. కాక చెప్పులు వేసుకున్నాడు.

మా రోడ్డు మీద పొద్దున్నే ఫస్ట్ షిఫ్టుకు అరవై డెబ్బై బండ్లు పోతాయి. అందరి జేబుల్లో ఫోన్లుంటాయి, ఎవరి ఫోన్‌లోనూ లొకేషన్ ఆన్ చేసి ఉండదు. ఛార్జింగ్ దిగిపోతుందని పైకి చెప్తారు. డ్యూటీ దిగాక కల్లు దగ్గర ఎంతసేపు కూర్చున్నదీ ఇంట్లో తెలిసిపోతుందని అసలు భయం. డంపర్ నడిపే ఎల్లన్నయితే ఆ బటన్ వైపు చూడను కూడా చూడడు. కాక మలుపులో నిలబడి ఒక్కొక్క బండినీ ఆపాడు. ఎల్లన్నతో అన్నది కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"పొయ్యేటప్పుడే పెట్టు, గని కాడ బంద్ చేసుకో. వచ్చేటప్పుడు నువ్వు యాడ కూసుంటవో నాకెందుకు? షహజాదీ అక్కకు ఊపిరాడాలె, గంతే."

ఎల్లన్న అక్కడికక్కడే ఆన్ చేశాడు. మిగతావాళ్లు ఒకరిని చూసి ఒకరు చేశారు. మర్చిపోయినవాళ్లను కాక మరుసటి రోజు పేరు పెట్టి తిట్టాడు. జూన్ పోయింది, జూలై పోయింది. రోజూ సాయంత్రం మ్యాప్ తెరిచి చూసేదాన్ని, మార్పు లేదు. ఆగస్టులో ఒకరోజు మట్టి గుట్ట చుట్టూ సన్నని గీత, మా సందు దాకా. పరుగున పోయి కాకకు చూపించాను. కళ్లజోడు పెట్టుకొని వేలితో దారంతా తిరిగి, ఒక మలుపు పదడుగులు తప్పుందన్నాడు.

సెప్టెంబరులో అమ్మీకి మళ్లీ ఆయాసం ముంచుకొచ్చింది. అంబులెన్సుకు ఫోన్ చేసి దారి చెప్పబోతే, అక్కర్లేదమ్మా, చూపిస్తోంది అన్నాడు డ్రైవరు. పద్నాలుగు నిమిషాల్లో బండి వాకిట్లో ఉంది. ఆ రోజు నేను ఏడ్చింది భయంతో కాదు.

దవాఖాన నుంచి రాగానే అమ్మీ నన్ను వెంటబెట్టుకొని కాక ఇంటికి నడిచింది. ఆయన దండం పెట్టనివ్వలేదు. తాను నడిస్తే రాని రోడ్డు షిఫ్టువాళ్ల ఫోన్లతో వచ్చిందని, చెప్పేదేదో వాళ్లకే చెప్పమన్నాడు. వాళ్లలో ఎవరి ఫోన్ వల్ల వచ్చిందని అమ్మీ అడిగింది. అది ఎవరికీ తెలియదన్నాడు.

మర్నాడు పొద్దున చూస్తే అమ్మీ మంచం మీద లేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని రోడ్డు పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది. వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తి సలాం చేస్తోంది. కొందరు ఎందుకో అర్థంకాక వెనక్కి తిరిగి చూస్తూ పోతున్నారు. దుమ్ములో ఇంకెంతసేపు, లోపలికి రమ్మని గట్టిగానే కసిరాను. ఎవరి ఫోనో తెలియనప్పుడు వీళ్లలో ఎవరిని వదిలేయమంటావని అడిగి, తర్వాతి బండికి చెయ్యెత్తింది.