తెరుచుకోని పేజీలో నాన్న ఫోటో

దయ్యాలూ మహిమలూ అంటూ ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. నా పని వెబ్‌సైట్లు చూసుకోవడం. అక్కడ ఏది చెడినా ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

మేం బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉంటాం. మావారికి గూడ్స్ రైళ్ల మీద డ్యూటీ. అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. నాన్న లోకో షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారు. కొంతకాలంగా మతిమరుపు జబ్బు. ఒక్కోసారి అమ్మ పేరు కూడా తట్టదు.

వేసవిలో ఒక మధ్యాహ్నం ఇన్సులిన్ వేసుకుని, అన్నానికి కూర్చోవలసిన మనిషి చెప్పులైనా వేసుకోకుండా బయటకు వెళ్లిపోయారు. అమ్మ కంచం పెట్టి పిలిచేసరికి లేరు.

ఇన్సులిన్ పడ్డాక తినకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. అంతకుముందు ఒకసారి అలాగే షుగరు తగ్గి పడిపోయారు. ఇంట్లో ఉన్నారు కాబట్టి దక్కారు. ఇప్పుడు ఆ ఎండలో ఎక్కడున్నారో తెలియదు.

మావారికి ఫోన్ కలవలేదు. ఇంట్లో ఉన్న మా మరిది స్టేషన్ వైపు పరిగెత్తాడు. పోలీసులకు చెప్పాం. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇక్కడి తెలుగువాళ్ల సంఘం వెబ్‌సైట్ నేనే చూస్తాను. అందులో ఒక పేజీ చేసి నాన్న ఫోటో, నా నంబరు పెట్టాను. కనబడగానే పంచదార నీళ్లు తాగించమని రాశాను. లింకు అన్ని గ్రూపులకూ పంపాను. ఫోటో ఆయన రిటైరైన రోజుది. కోటు, మెడలో దండ. చేతికి దొరికింది అదే.

జవాబులు వెంటనే వచ్చాయి. ‘ఖుల్ నహీ రహా దీదీ’, తెరుచుకోవడం లేదక్కా అని. నేనూ నొక్కి చూశాను. తెల్లటి తెర మీద ‘ఫర్బిడెన్’, అనుమతి లేదు, అన్న ఒక్క మాట.

అదే ఫోటోను విడిగా గ్రూపుల్లో పెట్టాను. కానీ లింకు అప్పటికే చేతులు మారి ఊరంతా తిరుగుతోంది.

సర్వర్‌లో ప్రతి ఫోల్డరుకూ ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు అని అనుమతులుంటాయి. అవి సరిచేయడం నాకు మామూలు పని. మార్చాను. కుదరదంది. ఇంకో దారిలో వెళ్లి మార్చాను. మళ్లీ అదే. చూస్తే ఆ ఫోల్డరు నా ఖాతాది కాదు. సైటును తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీ వాళ్లు దాన్ని కొత్త సర్వర్‌కు మార్చినప్పుడు అది వాళ్ల ఖాతా పేర ఉండిపోయింది. లోపల ఫైళ్లు పెట్టగలను, బయటివాళ్లకు తలుపు తీయలేను. వాళ్లకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆగమన్నారు.

“ఏటే, ఇంకా అవ్వనేదా? నీకొచ్చిన పనే కదే!” అని అమ్మ నా భుజం పట్టుకుని ఊపేస్తోంది. “ముద్ద ముట్టనేదే ఆయన!”

పాస్‌వర్డ్ కూడా తప్పు కొడుతున్నాను. అప్పుడు ఫోన్ మోగింది. తెలియని నంబరు.

“అమ్మా, తిఫ్రా నుంచి. మీ నాన్నగారు మా ఇంటికాడే ఉన్నారు. పంచదార నీళ్లు తాగించినాం. కంగారు పడకండి.”

అమ్మా నేనూ ఆటో ఎక్కి ఊరి అవతలి తిఫ్రాకు వెళ్లాం. ఆ ఇంట్లో ఫ్యాను కింద మంచం మీద, తడి తువ్వాలు కప్పుకుని, నీలం గళ్ల చొక్కాలో నాన్న. అమ్మ ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుంది. అవి బొబ్బలెక్కి ఉన్నాయి.

కాస్త తేరుకున్నాక ఆ ఇల్లాలిని ఎలా గుర్తుపట్టారని అడిగాను.

“మా చెల్లి లింకు పంపింది కదమ్మా. నొక్కితే ఫోటో వచ్చింది. ఇదే నీలం గళ్ల చొక్కా, కాళ్లకి చెప్పుల్నేవు. ఎనకాల చూస్తే మా గేటే! ఇదేటి, మా గేటు కాడ ఈయనెవరని బయటకొచ్చినాను. గోడకి ఆనుకుని ఒరిగిపోయి ఉన్నారు.”

“కోటు, దండ లేవా?”

“కోటేటమ్మా?”

ఆవిడ ఫోన్ తీసి మళ్లీ నొక్కింది. ఫర్బిడెన్. “అచ్ఛా, ఇందాక వచ్చిందే!” అని తెల్లబోయింది. ఆ చెల్లెలితో నేనే మాట్లాడాను. తనకు పేజీ ఒక్కసారీ తెరుచుకోలేదట, తెరుచుకుంటుందేమో చూడమని అక్కకు పంపిందట.

సాయంత్రానికి హోస్టింగ్ వాళ్లు ఫోల్డరును నా పేరుకు మార్చారు. పేజీ తెరుచుకుంది. అందులో కోటు, దండ ఫోటో ఒక్కటే ఉంది. ఎవరెవరు పేజీ అడిగారో, ఏం జవాబు వెళ్లిందో సర్వర్ రాసిపెట్టుకుంటుంది. అదంతా చదివాను. అప్పటిదాకా వచ్చిన ప్రతి ఒక్కరినీ సర్వర్ తిప్పి పంపేసింది. ఎవరికీ ఏ ఫోటో వెళ్లలేదు.

ఎండదెబ్బకు ఆవిడ ఏదో భ్రమపడిందని మావారు అన్నారు. ఇంట్లో నీడన కూర్చున్న మనిషికి ఎండదెబ్బ ఏమిటి? పోనీ భ్రమే అనుకున్నా, నాన్న చొక్కా రంగు ఆవిడకు ముందే ఎలా తెలుస్తుంది?

మర్నాడు అన్నం కలిపి పెడుతూ నాన్ననే అడిగాను, అక్కడ ఎవరైనా ఆయన ఫోటో తీశారా అని.

“తీసినారు. కదలకుండా ఇక్కడే కూకో, వస్తన్నాను అన్నారు.”

“ఎవరు నాన్నా?”

ఆయన నన్ను వింతగా చూశారు.

“నువ్వే కదే.”

జబ్బు మనిషి మాటను సాక్ష్యంగా చూపించలేను. ఆ మధ్యాహ్నం ఫోన్ మోగేదాకా నేను కుర్చీలోంచి లేవలేదని అమ్మకు తెలుసు.