రెండు లక్షల టన్నుల ఖాళీ

కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే ప్యాసింజరు మౌలాలి అవుటరు సిగ్నలు దగ్గర ఆగి ఇరవై నిమిషాలైంది. మే నెల మిట్టమధ్యాహ్నం. పెట్టెలో ఉన్నది ముగ్గురే. తలుపు పక్కన పల్లీల గంప మీద చెయ్యి వేసుకొని నిద్రపోతున్న పుష్పమ్మను ఆ లైను మీద తెలియనివాళ్లు లేరు. రెండో మనిషి ధర్మరాజు, ముప్పై నాలుగేళ్లు టీసీగా చేసి రిటైరైనవాడు, జనగామలో పుట్టువెంట్రుకల దావత్‌కు పోయి వస్తున్నాడు. మూడోవాడు ఎదురు బల్ల మీద, కిటికీ వారగా మూరెడు జాగాలో మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. మిగిలిన బల్లంతా ఖాళీ.

"గంత జాగ పెట్టుకోని గట్ల ముడుసుకుంటివేంది తమ్మీ? జెర కాళ్లు సాపుకో," అన్నాడు ధర్మరాజు.

"అలవాటు పోతలేదు అంకుల్. ఓడల పనిచేస్త. మాకు పండనీకి ఇంతే ఇస్తరు."

"నేవీనా?"

"ఎక్కడి నేవీ! సైరుకు, గదే షికారుకు పోయేటోళ్ల ఓడ. రూములు తుడుసుడు, పరుపులు సర్దుడు."

పేరు జకర్యా అని చెప్పాడు. ఇల్లు సీతాఫల్‌మండి. ఇంకొకడైతే జీతం ఎంత అని అడిగేవాడు. ధర్మరాజు టీసీ గనక, "బెర్తులెన్ని?" అన్నాడు.

"ఐదు వేల నాలుగు వందలు. స్టాఫ్ రెండు వేల పైన అలగ్."

ధర్మరాజు పెదవులు కదిలాయి. "డెబ్బై రెండు బెర్తుల బోగీలైతే డెబ్బై ఐదు! నాలుగు రైళ్లు ఒక్క ఓడలనా? దొమ్మీ గాదా?"

"అదే తమాషా. మనిషే కానరాడు."

ఓడల లెక్కలో టన్ను అంటే బరువు కాదని చాలామందికి తెలియదు. పూర్వం పడమటి రేవుల్లో ద్రాక్షసారా పీపాలు ఎన్ని పడతాయన్నదాన్ని బట్టి ఓడను కొలిచేవారు. పీపాలు పోయినా కొలత పేరు పోలేదు. ఇప్పుడు ఓడ గోడల మధ్య మూసి ఉన్న చోటు ఎంతో చెప్పేది ఆ టన్నే. జకర్యా ఓడ రెండు లక్షల పాతిక వేల టన్నులు. అంత ఖాళీని రేకుతో చుట్టి నీళ్ల మీద వదిలారన్నమాట. దాన్ని మనుషులతో భాగిస్తే తలకు నలభై పైచిలుకు వస్తుంది, ఆ అంకె పెరిగిన కొద్దీ ఓడ గొప్పది. యేడాదికొకటి చొప్పున పెద్ద ఓడ దిగుతోంది, ఎక్కే జనమూ పెరుగుతున్నారు, అయినా తలకు వచ్చే చోటు తరగడం లేదు.

"రూముకు ఇద్దరని లెక్క రాస్తరు. ముగ్గురు పండినా లెక్కల ఇద్దరే," అన్నాడు జకర్యా.

"మా దగ్గర ఉల్టా. ఆర్‌ఏసీ అని చెప్పి ఒక్క బెర్తు మీద ఇద్దర్ని కూసోబెడ్తిమి. వాళ్లు తిట్టుకుంట తిట్టుకుంట సికింద్రాబాద్ వచ్చేటాళ్లకు సుట్టాలైతుండిరి!"

జకర్యా నవ్వలేదు. తన ఇంటి సంగతి ఎత్తాడు. రెండు గదుల్లో తొమ్మిదిమంది. రాత్రి ప్రార్థన అయ్యాక మామ్మ మార్తమ్మ దీపం తగ్గించి, "ఎందరున్నారురా?" అని అడిగేది. కళ్లు మూసుకొని ఊపిర్లు లెక్కపెట్టి చెప్పడం జకర్యా పని. ఎవరు వాకిట్లో ఆగిపోయారో దాన్నిబట్టే తెలిసేది. తాత పోయిన రోజున మామ్మ ఆయన చాప మీద అతణ్నే పడుకోబెట్టింది. మనిషి పండిన జాగాను ఒక్క పూట కూడా ఖాళీగా ఉంచకూడదు, ఉంచితే ఇంకెవరో వచ్చి పండుతారని ఆమె భయం. బైబిల్లో లేని మాట అది. పాస్టరుగారు వద్దని చెప్పినా మామ్మ వినలేదు.

"నాకు పద్దెనిమిది రూములు ఒప్పజెప్పిండ్రు అంకుల్. వరండల ఈ కొసన నిలబడితే ఆ కొస మసక మసక కనపడ్తది. పదిహేడు రూములల్ల మందున్నరు. ఒక్కటి ఎవ్వరు తీసుకోలే. రోజు దుమ్ము దులుపుదామని పోతే, పరుపు మీదికెల్లి ఊపిరి వస్తుండె."

"గాలి మిషనేమో."

"నేను గూడ గట్లనే అనుకున్న. మిషను బందుజేసి ఇన్న. పడుకున్నోళ్ల ఊపిరే."

అతను భయపడలేదట. ఇంట్లో అలవాటే కదా, లెక్కలో కలుపుకొన్నాడు. అక్కడే తప్పు జరిగింది. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో నేర్పే డ్రిల్లు రోజున అతని రూముల్లోని ప్రయాణికులందర్నీ వరండాలో నిలబెట్టారు. ఆఫీసరు దగ్గర వాళ్ల కార్డుల లెక్క ముప్పై నాలుగు. జకర్యా నోట ముప్పై ఐదు వచ్చింది. ఒక మనిషి తక్కువ దొరికితే ఓడ కదలదు. నలభై నిమిషాలు వెతికారు. ఎవరూ లేరు. ఓడ డాక్టరు చెవులు చూసి, కళ్లు చూసి, ఇంటికి పంపాడు.

"ఇయ్యాల నాలుగింటికి రెజిమెంటల్ బజార్ల ఓడోళ్ల ఏజెంటు పెట్టిన డాక్టరు సూస్తడు. ఇంకా ఇనపడ్తుందా అని అడుగుతడు. 'లేదు' అంటే సంతకం పెడ్తడు, 'ఇనపడ్తుంది' అంటే నౌకరి పాయె. 'లేదని చెప్పెయ్యండి, అంతే' అంటది మా ఇంటామె మేబెల్."

"చెప్పెయ్యి మరి!"

"అబద్ధం చెప్పి ఆడికి పోతే, నడి సముద్రంల నేనేం జెయ్యాలె? ఇంట్ల మూడు నెలల్నుంచి ఇనపడలే. కాని మా ఇంట్ల ఖాళీ జాగేది? అందుకే భువనగిరిల మా అక్క ఇంటికి పోయి, తిరిగొచ్చేటప్పుడు ఈ బండి ఎక్కిన. ఈ టైముల ఖాళీగ వస్తది. లెక్కపెట్టుకున్న. మూడే వచ్చినయి. కాని నా చెవి మీద నాకే భరోసా లేదు. మీరు జిందగీ అంత తలకాయలు లెక్కపెట్టినోళ్లు. ఒక్కపారి కండ్లు మూసుకొని చెప్పుండ్రి అంకుల్. మూడంటే డాక్టరు దగ్గరికి పోతా. కాదంటే ఇగ ఆ ఓడ ఎక్క."

ధర్మరాజు నవ్వుతూ కళ్లు మూసుకున్నాడు. పుష్పమ్మ ఊపిరి చివర సన్నటి ఈల ఉంది. జకర్యాది పొట్టి ఊపిరి, పరిగెత్తి వచ్చినవాడిలా. తనది ఉబ్బసం పిల్లికూత. మూడు. కళ్లు తెరవబోయి ఆగాడు. జకర్యా పక్కనున్న ఖాళీ బల్ల మీంచి నిదానంగా, కడుపు నిండా తిని పడుకున్న మనిషి ఊపిరి ఒకటి వస్తోంది. తన ఊపిరి బిగబట్టాడు. అయినా మూడు వినిపిస్తున్నాయి.

"ఎన్ని అంకుల్?"

మూడనాలని ధర్మరాజుకు తెలుసు. మేబెల్‌ను ఎన్నడూ చూడకపోయినా ఆమె ముఖం కళ్ల ముందు నిలిచింది. కాని ముప్పై నాలుగేళ్లలో ఒక్క తల కూడా దాచి చార్టు రాయని మనిషి నోరు అది, ఆలోచన కంటే ముందే పనిచేసింది.

"నాలుగు."

అని నాలిక కరుచుకున్నాడు. "ఆగు తమ్మీ, ముసలి చెవులు... ఇంజను సప్పుడేమో... మళ్ల లెక్కపెడ్త ఉండు!"

జకర్యా అప్పటికే లేచాడు. జేబులోంచి డాక్టరు సంతకం పెట్టాల్సిన కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, తలుపు కమ్మీ పట్టుకొని కంకర మీదికి దిగాడు. ఆ అలికిడికి పుష్పమ్మ లేచింది.

"ఏమాయె సారూ? గాయన గీడ దిగిండేంది? టేషను రాకపాయె!"

ధర్మరాజు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఓ జకర్యా!" అని కేకేశాడు. బండి కూత వేసి కదిలింది. అటు సికింద్రాబాద్ వైపు బండి, ఇటు వచ్చిన దారినే అతను. వెనక్కి చూడలేదు, చెయ్యి ఊపలేదు. పట్టాల పక్కన దారి అంతా బోసిగా, రెండు బండ్లు పట్టేంత వెడల్పుగా ఉంది. నాలుగడుగులు వేసి అతను భుజం తిప్పి ఓ పక్కకు ఒదిగాడు, ఎదురొచ్చిన ఎవరికో తోవ ఇచ్చినట్టు. మళ్లీ నడిచాడు.