సాలగ్రామం మూట

ముందుగా ఆ పశుపతినాథునికి చేతులు జోడించి ఈ సంగతి రాస్తున్నాను.

అరవైల నాటి మాట. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. కొల్లాపూర్‌లో మా భజన మండలికి పెద్ద మా తాతే. అవ్వతో పాటు నన్నూ పశుపతినాథుని దర్శనానికి నేపాల్ తీసుకెళ్లాడు. తిరిగి వచ్చేరోజు గండకీ నది సాలగ్రామాన్ని పసుపు బట్టలో మూటకట్టి నా ఒళ్లో పెట్టాడు.

"మడితోని కట్టిన బిడ్డా, లోపల దేవుడున్నడు. ఎవ్వలనూ ముట్టనియ్యకు" అన్నాడు.

సరిహద్దులో తనిఖీ అధికారి బస్సెక్కి మూట విప్పమన్నాడు. బడిలో నేర్చిన హిందీలో, "ఇందులో దేవుడు తప్ప ఏమీ లేదు, ఆ దేవుని మీద ఒట్టు" అన్నాను. ఆయన నవ్వి ముడి లాగాడు. సాలగ్రామంతో పాటు రెండు కొత్త విదేశీ గడియారాలు జారి నా పాదాల మీద పడ్డాయి.

తాత వైపు చూశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "పోరి ఎప్పుడు పెట్టుకున్నదో, నాకెర్క లేదు" అన్నాడు.

"నీ నోట్ల మన్నువడ! పొద్దుగాల తానం జేసి నువ్వే గద గట్టినవ్!" అంటూ అవ్వ అందరి ముందే లేచింది. అధికారి గడియారాలు తీసుకుని మమ్మల్ని వదిలేశాడు.

ఆ తర్వాత కూడా తాత భజనలు చెప్పాడు, నేనూ పాడాను. ఆయన కాళ్లకు మాత్రం మళ్లీ మొక్కలేకపోయాను.

తాత పోయి చాలా ఏళ్లయింది. నా అబద్ధపు ఒట్టును దేవుడు మన్నించాడనే నమ్ముతున్నాను. తాతను మన్నించడం నాకింకా చేతకాలేదు. ఈ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నా కోసం మీరూ ఆ ఒక్కటి అడగండి.