పరుపు కింద షోరూం కవర్లు

మా చిన్నప్పుడు... పరుపు ఎత్తితే చాలు, కవర్లు బయటపడేవి. బోయిగూడలో మా రెండు గదుల ఇంట్లో అమ్మ వాటిని బీరువాలో చీరలకంటే భద్రంగా చూసుకునేది. సికింద్రాబాద్‌లో ఓ పెద్ద బట్టల షోరూం కవర్లవి. దళసరిగా, మెరుస్తూ, బంగారు రంగు అక్షరాలతో ఉండేవి...

ఆ షోరూంలో మేం కొన్నది ఒకే ఒక్కసారి, బాబాయి పెళ్లికి. మిగతా కవర్లు ఎక్కడెక్కడివో తెచ్చి దాచినవే. మా బట్టలన్నీ జనరల్ బజార్లో బేరమాడి తెచ్చేవాళ్లం. కానీ ఎవరికైనా బట్టలు పెట్టాల్సి వస్తే మాత్రం బజారు చీర షోరూం కవర్లోకి చేరేది. "నోరు జారినవనుకో..." అని అమ్మ నావైపు చూసేది. ఆ మిగతా సగం నాకు బాగా తెలుసు.

నాకు పదేళ్లప్పుడు, బోనాలకు అల్వాల్ నుంచి మేనత్త వచ్చింది. నాన్నకు అక్క. ఇంటి ఆడబిడ్డ కదా, అమ్మ బొట్టు పెట్టి షోరూం కవర్లో ఆకుపచ్చ చీర పెట్టింది. అత్తమ్మ నాకు పసుపు రంగు గౌను తెచ్చింది... మెడ చుట్టూ తెల్ల లేసు. అది కూడా ఆ షోరూం కవర్లోనే. ఇక నా కాళ్లు నేల మీద ఆగితే ఒట్టు. అత్తమ్మ వాళ్లు కాస్త ఉన్నవాళ్లు, కాబట్టి ఇది అసలైన షోరూం గౌనే.

వేసుకుని వాకిట్లోకి వస్తే పక్కింటి మంజుల ఎదురైంది. మేమిద్దరం ఒక కంచంలో తిన్నవాళ్లం. దాని ఒంటి మీద అచ్చం నా గౌనే... అదే పసుపు, అదే లేసు. వాళ్లమ్మ జనరల్ బజార్లో బండి మీద కొన్నదట.

"ఇద్దరం అక్కాచెల్లెండ్ల లెక్క ఉన్నమే" అని సంబరంగా నా చెయ్యి పట్టుకుంది.

నేను విడిపించుకున్నాను. "నీది బండిది. నాది షోరూంది. చూస్తే తెల్వదా?" అన్నాను, పిల్లలందరి ముందు. అంతటితో ఆగానా... దాని లేసు పట్టుకుని "ఎంత పల్చగున్నదో చూడుండ్రి" అని అందరికీ చూపించాను.

మంజుల లోపలికి పోయి పాత లంగా కట్టుకుంది. ఆ సాయంత్రం తొక్కుడుబిళ్లకు రాలేదు. మర్నాడు కూడా రాలేదు.

తర్వాతి ఆదివారం అత్తమ్మ మళ్లీ దిగింది, చేతిలో ఆ షోరూం కవరుతోనే. "చీర మడతల జెర చిరుగున్నది. షాపుల మార్చుకొని వస్త. పిల్లను తోడు పంపు" అంది.

అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇయ్యాల బంద్ ఉంటదేమో వదినె..." అని నసిగింది.

"ఆదివారం సుత తెరుస్తరు. నడువ్ బిడ్డ."

దారంతా కడుపునొప్పి అన్నాను, కాలు నొప్పి అన్నాను. అత్తమ్మ వింటేగా... షోరూంలో సేల్స్‌మన్ చీర విప్పి, కొంగు మూల తిప్పి చూశాడు. "మా చీరైతే ఈడ మా ముద్ర ఉంటదమ్మా. ఇది మాది కాదు" అన్నాడు. పక్కన చీరలు చూస్తున్న ఆడవాళ్లంతా మావైపు తిరిగారు. నాకు భూమి చీలి అందులోకి పోతే బాగుండనిపించింది.

అత్తమ్మ చీర మడిచి, కవర్లో పెట్టి బయటికి నడిచింది. ఫుట్‌పాత్ మీద నేను బావురుమన్నాను. "అమ్మను ఏమనకు అత్తమ్మా..."

అత్తమ్మ నన్నే చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "మీ అమ్మ సుత గిదే పని చేస్తదా? గిన్నేండ్లు నేనొక్కదాన్నే చేస్తున్ననుకొని పరేషాన్ అవుతున్న" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, "నీ గౌను ఏడిదనుకున్నవ్? జనరల్ బజార్ల బండి మీదిదే. మీ అమ్మకు చెప్పకు" అంది.

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. చెరుకురసం ఇప్పిస్తే సగం గ్లాసు అలాగే వదిలేశాను. నా కళ్ల ముందు మంజుల లేసు ఒక్కటే ఆడుతోంది.

ఇంటికొస్తే మంజుల నల్లా దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. చెప్పాలనుకున్నాను... నిజం. కానీ చెప్తే అమ్మ కవర్లు, అత్తమ్మ కవర్లు అన్నీ బయటపడతాయి. అసలు సంగతి అది కూడా కాదులెండి. నా గొప్ప పోతుంది. అందుకే తల దించుకుని పక్కనుంచి వెళ్లిపోయాను.

ఆ గౌను మంజుల మళ్లీ వేసుకోలేదు. వాళ్ల చెల్లెలికి తొడిగారు. మూడేళ్ల పిల్లకి అది కాళ్ల కిందికి జీరాడేది. మరుసటి ఎండాకాలం వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో అడగడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... పోయిన వారం మా అమ్మాయి స్కూల్ పిక్నిక్ నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ పకపకా నవ్వింది. "మమ్మీ, మా క్లాస్‌ల ఒకడి టీషర్ట్ ఫస్ట్ కాపీ తెలుసా... మీద లోగో చూసి ఫేక్ అని నేనే ఫస్ట్ పట్టుకున్న. అందరికి చూపించిన."

నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పదేళ్ల పిల్ల. నేనెప్పుడూ నేర్పలేదే... వంటింట్లో నా చిన్నప్పటి గొంతే నాకు వినిపించినట్టయింది.

కూర్చోబెట్టి పసుపు గౌను కథంతా చెప్పాను. నవ్వు ఆపి విన్నది. చివరికి ఒక్క మాట అడిగింది. "మరి మంజులకు చెప్పినవా?"

అప్పట్లో షాపు పేరు కవరు మీదే ఉండేది. ఇంటికొచ్చాక అది పరుపు కిందికి పోయేది. ఇప్పుడు పిల్లలు ఆ పేరు గుండె మీదే వేసుకుని తిరుగుతున్నారు, ఒకరి గుండె మీది పేరు ఒకరు చదువుకుంటున్నారు... మీ ఇళ్లలో ఏ కవర్లు దాచేవారో, ఎవరి మనసు విరిచారో, మీరూ చెప్పండి. సిగ్గుపడకండి, ముందు నేనే చెప్పాను కదా.

మంజులా, బోయిగూడలో మా పక్కింట్లో ఉండేదానివి... ఎక్కడైనా ఇది నీ కంటబడితే విను. నీ లేసు పల్చగా లేదే. నా గౌను కూడా ఆ బండి మీదిదే.